యూటీవీకి ఏ ట్రైలరు సరిపోతుంది: బెజవాడ, గుంటూరు దారుల లెక్క

తోటలోనో, రొయ్యల చెరువు గట్టు మీదో, రాళ్ల దారిలోనో తిరిగే యూటీవీని (స్టీరింగూ, పక్కపక్క సీట్లూ ఉండే చిన్న మట్టిదారి బండి) ఊరు దాటించాలంటే ఇంకో బండి మోయాల్సిందే. వీటిలో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. ఉన్నా సరే, బురద టైర్లతో గుంటూరు నుంచి సూర్యలంక దాకా తారు మీద తోలుకుపోతే టైరు గుబ్బలు అరిగిపోతాయి, గేరు బెల్టు వేడెక్కి పాడవుతుంది.

ట్రైలరు కొందామని వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఎన్నడుగుల బెడ్డు?" అని. బెడ్డు సంగతి చివర్లో తేల్చుకోవచ్చు. ముందు తేలాల్సినవి మూడు. మీ బండి ఎంత బరువును లాగగలదని కాదు, ఎంత బరువును ఆపగలదు? ట్రైలరుకు సొంత బ్రేకు ఉందా? చివరి రెండు కిలోమీటర్లు ఎలాంటి నేల? వీటికి జవాబు దొరికితే ఏ రకం కొనాలో దానంతటదే తేలిపోతుంది.

బరువు కాటా మీద తేలాలి

కంపెనీ కాగితంలో ఉండే బరువు చాలావరకు ఖాళీ బరువు. పెట్రోలు, రూఫు, ముందద్దం, వించి (తాడు చుట్టి బండిని లాగే యంత్రం), స్టెప్నీ అందులో కలవవు. ఒక మనిషి కూర్చుని బైకులా హ్యాండిల్ పట్టి తోలే నాలుగు చక్రాల ఏటీవీ సుమారు 320 నుంచి 380 కేజీలు. ఇద్దరు కూర్చునే మధ్యరకం యూటీవీ 500 నుంచి 600. వెనక డంప్ బాక్సు ఉన్న పెద్ద మూడు సీట్ల యూటీవీ 700 నుంచి 800. రెండు వరసల సీట్లున్నది 850 దాటుతుంది. మారుతి జిప్సీని ఎక్కించాలనుకుంటే 1,000 కేజీలకు దగ్గరే. పురుగుమందు కొట్టే 200 లీటర్ల ట్యాంకు వెనక బిగించి ఉంటే, అది నిండుగా ఉందంటే ఇంకో 200 కేజీలు. పైగా ఆ నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి కాబట్టి ట్యాంకు ఖాళీ చేసే ఎక్కించాలి.

ఒక లెక్క చూద్దాం. మూడు సీట్ల యూటీవీ ఖాళీ బరువు 730 కేజీలు. పెట్రోలు సుమారు 28, రూఫు, అద్దం, వించి, స్టెప్నీ కలిపి 90 అనుకుంటే 850 దగ్గర తేలుతుంది. ట్రైలరు సొంత బరువు 450 అయితే మొత్తం 1,300 కేజీలు. మీ బండి వెనక వచ్చేది ఇదీ, 730 కాదు.

ఈ 1,300లో 10 నుంచి 15 శాతం, అంటే 130 నుంచి 195 కేజీలు, ట్రైలరును కారుకు తగిలించే హుక్కు మీద పడాలి. ఎడ్లబండిలో బరువు వెనక్కి పోతే కాడి పైకి లేచినట్టే, ట్రైలరు వెనక బరువెక్కితే హుక్కు పైకి తన్నుతుంది. కారు వెనక చక్రాలకు పట్టు తగ్గుతుంది, గంటకు 60, 70 కి.మీ. వేగంలో ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊపు అందుకుంటే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. అలాంటప్పుడు బ్రేకు తొక్కకూడదు, వేగం పెంచి సరిచేద్దామని చూడకూడదు. యాక్సిలరేటరు వదిలేసి స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. ఇక హుక్కు మీద బరువు మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి.

కొలవడం తేలిక. ఆటోనగర్ చుట్టూ గానీ గుంటూరు మిర్చి యార్డు వైపు గానీ లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గరికి పొండి. యూటీవీ ఎక్కించి కట్టేసిన ట్రైలరును కారు నుంచి విప్పి, ముందు జాకీ చక్రం మీద నిలబెట్టి మొత్తంగా ఒకసారి తూచండి. తర్వాత కారుకు తగిలించి, ట్రైలరు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉండేలా, కారు బయట ఉండేలా నిలిపి ఇంకోసారి తూచండి. మొదటిది 1,300, రెండోది 1,160 వస్తే హుక్కు మీద 140 ఉన్నట్టు. బాగుంది. రెండోది 1,240 వస్తే హుక్కు మీద 60 కేజీలే, ఆ ట్రైలరుతో హైవే ఎక్కకూడదు. హుక్కు నుంచి ఇరుసుకు 2.6 మీటర్లున్న ట్రైలరులో 850 కేజీల యూటీవీని 10 సెంటీమీటర్లు ముందుకు జరిపితే హుక్కు మీద దాదాపు 33 కేజీలు పెరుగుతాయి. అంటే 22, 23 సెంటీమీటర్లు జరిపితే లెక్క కుదురుతుంది. జరపడానికి బెడ్డులో చోటుండాలి. బెడ్డు పొడవు యూటీవీ పొడవుకంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలనేది ఇందుకే. చాలా యూటీవీల్లో ఇంజను సీటు కింద గానీ వెనక గానీ ఉంటుంది కాబట్టి బరువు కాస్త వెనక చక్రాల వైపే ఉంటుంది. బండి మధ్య భాగాన్ని ఇరుసు మీదికి తెచ్చి సరిపోయిందనుకుంటే బోల్తా పడేది ఇక్కడే.

సరిగ్గా కుదిరిన చోట ముందు చక్రాలకు అడ్డంగా ఒక ఇనుప పట్టీ వెల్డింగ్ చేయించుకుంటే ప్రతిసారీ కాటా దగ్గరికి పోనక్కర్లేదు.

లాగే బండి సంగతి

యజమాని మాన్యువల్‌లో ట్రైలరు లాగే బరువు రెండు అంకెలుగా రాసి ఉంటుంది: బ్రేకున్న ట్రైలరుకు ఒకటి, బ్రేకు లేనిదానికి ఒకటి. అసలు ఏమీ రాయకపోయినా, లాగకూడదని రాసినా ఆ బండిని పక్కన పెట్టండి. స్నేహితుడు అదే కారుతో లాగుతున్నాడనే మాట ఇన్సూరెన్సు వాడి దగ్గర చెల్లదు. బొలెరో, స్కార్పియో, హైలక్స్, వీ-క్రాస్ లాంటివాటికి బాడీ కింద నిచ్చెన ఆకారపు ఇనుప ఫ్రేము ఉంటుంది, హుక్కు బిగించడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. అయినా మాన్యువల్ చెప్పిన అంకే హద్దు. బంపరు కింద కనిపించే రింగు బండి ఇరుక్కుంటే లాగడానికి ఇచ్చింది, ట్రైలరు తగిలించడానికి కాదు. హుక్కు బారు ఫ్రేము రెండు పట్టాలకూ హైటెన్సిల్ బోల్టులతో బిగించి ఉండాలి, బంపరు బ్రాకెట్లకు కాదు.

హుక్కు మీది 140 కేజీలు కారు మోసే బరువులో భాగమే అని మర్చిపోతారు. కార్లో అయిదుగురు, డిక్కీ నిండా సామాను, దానిమీద ఈ 140. వెనక కమాన్లు కుంగాయని గాలి బెలూన్లు వేయించినంత మాత్రాన మోసే హద్దు పెరగదు.

కొనకుండా జరిగే పని

ఏడాదికి రెండు మూడు సార్లే తరలించేదైతే కొనకండి. ట్రైలరు ఎండకూ వానకూ నిలబడి ఉంటే టైర్లు అరగకుండానే పగుళ్లు ఇస్తాయి, హబ్బుల్లో గ్రీజు గట్టిపడుతుంది, లైట్ల వైర్లు ఎలుకలు కొరుకుతాయి.

ఏటీవీ అయితే సుమారు 9 అడుగుల బెడ్డున్న పికప్పులో సరిపోతుంది, పొడవు 7 అడుగులే కాబట్టి. పెద్ద యూటీవీ 10 అడుగులు. డోరు తెరిచి వెనక చక్రాలు అంచున పెట్టి తాళ్లతో లాగి కట్టేవాళ్లున్నారు. స్పీడ్ బ్రేకరు మీద ఆ ఒక్క అంచు మీదే బరువంతా ఎగిరి పడుతుంది. అలా చేయవద్దు. 14 అడుగుల ఐషర్ లాంటి బండి మాట్లాడుకోవాలి.

అప్పుడు అసలు ఇబ్బంది ఎత్తు. లారీ బెడ్డు నేల నుంచి ఒక మీటరు పైనే ఉంటుంది. 1.1 మీటర్ల ఎత్తుకు 2.4 మీటర్ల ర్యాంపు వేస్తే వాలు 27 డిగ్రీలు. అంత వాలులో యూటీవీ ముందు భాగం లేచి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. 3.6 మీటర్ల ర్యాంపు అయితే 18 డిగ్రీలకు దిగుతుంది. అంత పొడవు ర్యాంపు లేకపోతే కాలువ కట్ట వాలుకో, మట్టి దిబ్బకో లారీ వెనక భాగాన్ని ఆనించి ఎక్కించడం పాత పద్ధతి, మంచి పద్ధతి. కట్ట అంచు తడిగా ఉంటే మాత్రం దగ్గరికి పోకండి.

జిప్సీ, పాత జీపు లాంటివాటికి వెనక్కి జారి వంగే బెడ్డున్న రికవరీ వ్యాను సుఖం. అద్దె ఎక్కువే. కానీ ఎక్కించడం, దింపడం, కట్టడం అన్నీ వాళ్ల సామగ్రితోనే అయిపోతాయి.

ట్రాక్టరు ట్రక్కు ఇంట్లోనే ఉంది కదా అంటారు. పొలం నుంచి పొలానికి, 10, 15 కిలోమీటర్ల లోపు, పగటిపూట అయితే ఫర్వాలేదు. ట్రాక్టరు గంటకు 30 కి.మీ. దాటదు కాబట్టి ట్రైలరు ఊగే భయం తక్కువ. దాన్ని 16వ నంబరు జాతీయ రహదారి మీదికి తేవడమే తప్పు. వెనకనుంచి 80లో వచ్చే లారీకి మీరు నిలబడి ఉన్నట్టే లెక్క. మామూలు ట్రక్కులకు సొంత బ్రేకూ ఉండదు, చాలావాటికి వెనక లైట్లూ ఉండవు. వ్యవసాయానికని నమోదైన ట్రక్కులో రిసార్టు బండిని మోస్తూ ప్రమాదం జరిగితే బీమా దగ్గర తగాదా తప్పదు.

ఒక ఇరుసా, రెండా?

నెలకు నాలుగుసార్లు తరలించేవాళ్లు, రెండు తోటల మధ్య తిరిగేవాళ్లు అసలు ఎంచుకోవాల్సింది ఇక్కడ.

ఒక ఇరుసు ట్రైలరు తేలిక, 300 నుంచి 450 కేజీల్లో అయిపోతుంది. ఖాళీగా ఉంటే ఇద్దరు మనుషులు పట్టుకుని తిప్పేస్తారు. పాత గుంటూరు సందుల్లో, బెజవాడ వన్‌టౌన్ వైపు ఇరుకు గోడౌన్ల దగ్గర ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు. టైర్లు రెండే, బేరింగు సెట్లు రెండే. నల్లరేగడిలో మలుపు తిరిగేటప్పుడు నేలను తవ్వదు. లోపం ఏమిటంటే బరువు లెక్కలో కాస్త తేడా వచ్చినా హుక్కు మీద వెంటనే తెలుస్తుంది. టైరు పేలితే ట్రైలరు ఒక పక్కకు కూలబడుతుంది.

రెండు ఇరుసుల ట్రైలరు హైవే మీద నిలకడగా వస్తుంది, ఒక టైరు పోయినా పక్కకు తీసి ఆపుకునే వ్యవధి ఇస్తుంది. కానీ సొంత బరువే 600 నుంచి 750 కేజీలు. మలుపుల్లో నాలుగు టైర్లూ పక్కకు రాసుకుంటాయి, తారు మీద కూడా అరుగుదల ఎక్కువ. కొనేటప్పుడు చూడాల్సిన ఒక భాగం ఉంది: రెండు కమాన్ల మధ్య ఊగే లింకు. ముందు చక్రం స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు ఆ లింకు ఊగి బరువును రెండు ఇరుసులకూ పంచుతుంది. అది లేకుండా కమాన్లను విడివిడిగా ఛాసిస్‌కు బిగించిన ట్రైలర్లూ అమ్ముతున్నారు. అందులో గతుకు వచ్చినప్పుడల్లా మొత్తం బరువు ఒకే ఇరుసు మీద పడుతుంది. మన ఊళ్ల దారుల్లో ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో చెప్పక్కర్లేదు, ఇరుసు వంగడానికి ఎన్నో నెలలు పట్టదు. హుక్కు ఎత్తు కుదరక ట్రైలరు మూతి పైకి లేచి ఉన్నా ఇదే జరుగుతుంది, వెనక ఇరుసే అంతా మోస్తుంది. బరువుతో తగిలించాక బెడ్డు నేలకు సమాంతరంగా ఉండాలి.

మా తూకం ఇదీ. ఏటీవీకీ, 600 కేజీల లోపు యూటీవీకీ ఒక ఇరుసు చాలు, రెండోది అనవసరపు బరువు. 700 నుంచి 850 దాకా ఉన్నదానికి, ఎక్కువ తిరుగుడు పల్లె దారుల్లోనే అయితే, బ్రేకున్న ఒక ఇరుసు. అదే బండిని తరచూ హైదరాబాదు వైపో చెన్నై వైపో తీసుకుపోతుంటే రెండు ఇరుసులు. జిప్సీకీ, రెండు వరసల యూటీవీకీ రెండే, ఇందులో రెండో మాట లేదు.

టైరు పక్కన రాసిన లోడ్ ఇండెక్స్ చదవండి. 79 అంటే టైరుకు 437 కేజీలు. 88 అంటే 560. 95 అంటే 690. 1,300 కేజీల ఒక ఇరుసు ట్రైలరులో హుక్కు మీది 140 తీసేస్తే చక్రాల మీద 1,160, ఒక్కో టైరుకు 580. పాత కారు నుంచి తీసిన 79 నంబరు టైరు ఇక్కడ చాలదు, 88 కూడా చాలదు, 95 పెట్టాలి. మే నెలలో తారు కాలిపోతుంటే తక్కువ నంబరు టైరు, అందులోనూ గాలి తగ్గింది, పేలిపోవడానికి అంతకంటే ఏం కావాలి? టైరు తయారీ నాలుగు అంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. ఆరేళ్లు దాటినవి గుబ్బలు కొత్తగా కనిపించినా తీసేయండి.

బ్రేకు దగ్గర బేరం వద్దు

యూరప్‌లో బ్రేకు లేని ట్రైలరుకు బరువుతో సహా 750 కేజీలే హద్దు. ఇక్కడా అదే గీతగా పెట్టుకోండి. ఏటీవీ, దాని చిన్న ట్రైలరు కలిపి ఆ లోపు వస్తాయి. యూటీవీ ఏదైనా దాటిపోతుంది.

బ్రేకు రెండు రకాలు. ఒకటి తోపుడు బ్రేకు: కారు వేగం తగ్గగానే ట్రైలరు ముందుకు తోస్తుంది, ఆ తోపుకే హుక్కు వెనకున్న కడ్డీ లోపలికి జరిగి తీగ ద్వారా డ్రమ్ములను పట్టిస్తుంది. కార్లో ఏ మార్పూ అక్కర్లేదు, ఏ బండికైనా తగిలించుకోవచ్చు. రెండోది కరెంటు బ్రేకు: కార్లో కంట్రోలరు బిగించాలి, కానీ ట్రైలరు ఊగడం మొదలైనప్పుడు డ్రైవరు దాని బ్రేకు ఒక్కటే చేత్తో పట్టించగలడు, కొండ దిగేటప్పుడు పట్టు ఎంత ఉండాలో మార్చుకోగలడు. కొండవీడు ఘాట్ లాంటి దారులు మీ తిరుగుడులో ఉంటే కరెంటు బ్రేకు ఖర్చుకు తగ్గదే. లాగే బండి ఒకటికి రెండు మారుతూ ఉంటే తోపుడు బ్రేకు మేలు.

తోపుడు బ్రేకులో ఒక చిక్కుంది. ఎత్తెక్కిస్తూ వెనక్కి తోలితే అదే తోపు బ్రేకును పట్టించేస్తుంది. కొత్త డ్రమ్ముల్లో చక్రం వెనక్కి తిరిగితే పట్టు వదిలే ఏర్పాటు ఉంటుంది. పాత రకంలో పిన్ను పెట్టి ఆపాలి. పెట్టిన పిన్ను తీయడం మర్చిపోతే ఇంటిదాకా బ్రేకు లేనట్టే. కొనేటప్పుడు ఏ రకమో అడిగి, అక్కడే వెనక్కి తోలి చూడండి.

ట్రైలరు ఊడితే బ్రేకు పట్టించే సన్నటి తీగనూ, రెండు గొలుసులనూ కారు ఫ్రేముకు తగిలించాలి. గొలుసులు హుక్కు కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి పోవాలి. హుక్కు జారితే ట్రైలరు మూతి నేలకు కొట్టుకోకుండా ఆ గొలుసుల ఊయలలో ఆగుతుంది. తీగను గొలుసుకే ముడేసేవాళ్లను చూస్తుంటాం. గొలుసు ఊడితే తీగా దాంతోనే పోతుంది, ఇంక అది ఉండి ఏం లాభం.

హుక్కు గుండు విషయంలో 50 మిల్లీమీటర్లదీ 2 అంగుళాలదీ ఒకటే అనుకుంటారు. రెండంగుళాలంటే 50.8. కారు వైపు పెద్ద గుండు మీద ట్రైలరు మూతికుండే చిన్న కప్పు పూర్తిగా మూసుకోదు, మూసుకున్నట్టు మాత్రం కనిపిస్తుంది. రెండూ ఒకే కొలతవి తీసుకోండి. మూసిన తర్వాత జాకీతో కప్పును పైకి ఎత్తి చూడండి, కారు వెనక భాగం దాంతోపాటు లేవాలి.

ర్యాంపు, వంగే బెడ్డు

చక్రాల మధ్య కూర్చునే బెడ్డు నేల నుంచి 50, 55 సెంటీమీటర్లలో ఉంటుంది. చక్రాల పైన పరిచిన బెడ్డు 80, 85కు పోతుంది. 2 మీటర్ల ర్యాంపుతో మొదటిదానికి వాలు 16 డిగ్రీలు, రెండోదానికి 25. అందుకే యూటీవీకి చక్రాల మధ్య బెడ్డే తీసుకోండి. వెడల్పు మాత్రం చూసుకోవాలి. పెద్ద యూటీవీ 1.6 మీటర్ల దాకా వెడల్పు ఉంటుంది కాబట్టి రెండు మడ్‌గార్డుల మధ్య 1.75 మీటర్లన్నా ఖాళీ ఉండాలి.

వంగే బెడ్డుకు ర్యాంపు అక్కర్లేదు, ఒక్క మనిషి ఎక్కించుకోవచ్చు. గట్టి నేల మీద దీనికి సాటి లేదు. అయితే బండి బరువు కీలు దాటగానే బెడ్డు ధబాల్న పడుతుంది కాబట్టి బెడ్డును మెల్లగా దించే హైడ్రాలిక్ డాంపరు లేనిది కొనకండి. నల్లరేగడిలో వాన పడ్డాక తోక అంచు మట్టిలో దిగబడి పైకి రానంటుంది. చెరువు గట్లూ పొలాలూ తిరిగేవాళ్లకు విడి ర్యాంపులే నయం, కింద చెక్క పలకలు వేసుకోవచ్చు.

ఎక్కించేటప్పుడు జరిగే పెద్ద ప్రమాదం ఒకటుంది. యూటీవీ ముందు చక్రాలు బెడ్డు వెనక అంచు ఎక్కగానే ట్రైలరు వెనక కుంగి, మూతి లేచి, కారు వెనక భాగాన్ని పైకెత్తుతుంది. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే. అవి నేలను వదిలితే కారు, ట్రైలరు, సగం ఎక్కిన యూటీవీ అన్నీ కలిసి జారిపోతాయి. ట్రైలరు వెనక రెండు మూలల్లో దించుకునే కాళ్లు ఉండాలి. లేకపోతే చెక్క దిమ్మలు పేర్చాలి. కారు ముందు చక్రాలకు కూడా దిమ్మలు పెట్టాలి. ర్యాంపు పైకొసను బెడ్డుకు పిన్నుతో గానీ గొలుసుతో గానీ కట్టకుండా ఎక్కిస్తే, చక్రం తిరిగిన విసురుకు ర్యాంపు వెనక్కి ఎగిరిపోతుంది.

చేయించుకుందామంటే

బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్లు ట్రైలరు కూడా కట్టిస్తారు, వెల్డింగ్ పనితనం బాగుంటుంది. ఇనుము పని కిలో లెక్కన మాట్లాడే చోట బరువు పెరిగితే బిల్లూ పెరుగుతుంది. "గట్టిగా వేశాం సార్" అనేది ఇక్కడ మెచ్చుకోవాల్సిన మాట కాదు. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు బెడ్డుకు 5 మిల్లీమీటర్ల చెకర్ ప్లేటు వేస్తే ఆ ప్లేటు ఒక్కటే 280 కేజీలు. 3 మిల్లీమీటర్లది 170 దగ్గర ఆగుతుంది. 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ అయితే 85. యూటీవీ చక్రాలు పోయే రెండు బాటల్లో 3 మిల్లీమీటర్ల ప్లేటు, మధ్యలో జాలీ వేయిస్తే బరువూ తగ్గుతుంది, బురద కూడా కింద పడిపోతుంది. అడ్డ పట్టీలు 40 సెంటీమీటర్లకు ఒకటి ఉంటే ఆ ప్లేటు వంగదు.

పెట్టె పైపు వాడితే నీళ్లు నిలవకుండా కింద రంధ్రాలు పెట్టించండి. పైపు లోపలి నుంచి తినేస్తూ వస్తుంది, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. రొయ్యల చెరువుల ఉప్పునీళ్లలో తిరిగే బండి మోసేదైతే వెల్డింగ్ అంతా అయ్యాక వేడి జింకు పూత చేయించడమే తెలివైన ఖర్చు.

అన్నిటికంటే ముందు కాగితాలు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా రిజిస్టరు కావాల్సిన వాహనమే. ఆమోదం పొందిన మోడల్ కాకుండా షెడ్డులో కట్టించిన దానికి నంబరు రావడం కష్టం. అడ్వాన్సు ఇచ్చే ముందే ఆర్టీవో ఆఫీసులో ఆ డిజైనుకు రిజిస్ట్రేషన్ అవుతుందా అని అడిగి రండి. నంబరు, థర్డ్ పార్టీ బీమా రెండూ లేని ట్రైలరు ఎంత చవకైనా కొనదగ్గది కాదు. కంపెనీ ట్రైలరు కొంచెం ఖరీదైనా ఈ తలనొప్పి ఉండదు, మా ఓటు దానికే. ఆటోనగర్ పనితనాన్ని ర్యాంపులకూ, బెల్టు రింగులకూ, స్టెప్నీ స్టాండుకూ వాడుకోండి. రింగులను ఛాసిస్ పట్టీకే వెల్డింగ్ చేయించాలి. చెకర్ ప్లేటుకు చేయిస్తే ప్లేటు చీరుకుని వస్తుంది.

కట్టడం

నైలాన్ తాడు సాగుతుంది, పది కిలోమీటర్లకే వదులవుతుంది. 50 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టులు నాలుగు కావాలి, నాలుగు మూలలకు ఒక్కొక్కటి. టైరు మీదుగా వేసే బెల్టు అన్నిటికంటే మంచిది, షాకులు ఆడినా పట్టు వదలదు. బాడీకో ఫ్రేముకో కడితే షాకులు కుంగేదాకా బిగించాలి, లేకపోతే ప్రతి గతుక్కీ బెల్టు వదులై మళ్లీ బిగుసుకుంటూ కొక్కెం జారిపోతుంది. వించి తాడును అయిదో కట్టుగా ఉంచుకోవచ్చు, నాలుగిట్లో ఒకటిగా లెక్కేయకూడదు. గేర్లో వదిలేశాం కదా అన్న ధీమా వద్దు. బెల్టు గేరు ఉన్న యూటీవీల్లో ఇంజను ఆగితే క్లచ్ పట్టు ఉండదు, గేర్లో ఉన్నా బండి కదలొచ్చు. పార్కింగు బ్రేకు వేసి చక్రాలకు దిమ్మలు పెట్టండి. డంప్ బాక్సు గొళ్లెం, సీటు గొళ్లెం, ప్లాస్టిక్ అద్దం బిగింపులు చూడండి. గాలికి ముందుగా లేచిపోయేవి అవే. బయల్దేరిన 15, 20 కిలోమీటర్లకు ఆగి బెల్టులు మళ్లీ బిగించి, అదే ఆగుడులో హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే బేరింగు బిగువైనా అయి ఉండాలి, బ్రేకు పట్టేసైనా ఉండాలి.

పాతది దొరికితే

పాత ట్రైలరు చూడబోతే జాకీ తీసుకుపొండి. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ మని ఆడకూడదు. తిప్పితే గరగర వినిపించకూడదు. హబ్బు మూత తీసి గ్రీజు చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. హైవే మీద వేడెక్కిన హబ్బును నేరుగా వాగులోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు పక్కనుంచి నీళ్లను పీల్చుకుంటుంది. అలాంటిది కొంటే బేరింగులూ సీళ్లూ అన్నీ మార్చాలని ధరలో తగ్గించమనండి. మీ ట్రైలరుకైతే నీళ్లలోకి దింపే ముందు పావుగంట చల్లారనివ్వండి. ముందు కడ్డీ ఛాసిస్‌ను కలిసే చోట రంగు కొత్తగా, మిగతా చోట పాతగా ఉంటే అక్కడ చీలిక వచ్చి అతుకు పడిందని అనుమానించి, వైరు బ్రష్షుతో గీకి చూశాకే మాట్లాడండి. అక్కడ అతుకు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. ఛాసిస్ నంబరు చెక్కిన చోటూ, రిజిస్ట్రేషన్ కార్డులోని నంబరూ అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకుని డబ్బు చేతికివ్వండి.